మా వదినె గుడారం

బడిలో ఇంటర్వెల్ అప్పుడు కొత్త సైన్సు టీచరు తన ఫోన్ నా ముందుకు జరిపింది. చెరువు గట్టు మీద వరసగా పసుపుపచ్చ గుడారాలు, వాటి ముందు మడత కుర్చీలు, చెట్లకు చిన్న చిన్న లైట్లు. వీకెండ్ క్యాంపింగ్ అట. శనివారం మధ్యాహ్నం పోతే ఆదివారం సాయంత్రం దాకా తిండి, పడక అన్నీ వాళ్లే చూసుకుంటారట. తలకింత అని రేటు కూడా వేశారు. అది చదివి నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"పోదామా మేడం? మీరెప్పుడన్న గిట్ల గుడారంల పండుకున్నరా?" అని అడిగింది.

"చానసార్లు పండుకున్న," అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. నన్ను చూసిన వాళ్లెవరికైనా పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, చంకలో దిద్దాల్సిన నోటుబుక్కులు కనిపిస్తాయి గానీ గుడారం కనిపించదు. బెల్లు కొట్టారు. ఎనిమిదో తరగతికి పోయి బోర్డు మీద ఒక లెక్క రాసి చేయమని చెప్పి కుర్చీలో కూలబడ్డాను. మా వదినె మనసులో మెదిలింది. ఆమె పోయి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

వదినె అంటే నా భర్తకు అక్క. సిరిసిల్లలో సాంచాల మీద బతికిన మనిషి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆమె పని కండెలు చుట్టడం. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టలు అవి. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా చుట్టడం, తెగిన పోగును ముడేయడం, మళ్లీ చుట్టడం. షెడ్డులో ఇరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనే పిడుగు పడినా వినిపించదు. అందుకని ఆమెకు మెల్లగా మాట్లాడడం అనేదే రాదు. "మీ అత్త చెవిల వడకుండ చెప్తున్నానే" అని మొదలుపెట్టి గల్లీ మొత్తానికి వినిపించేలా చెప్పేది. లోపలి నుంచి మా అత్తమ్మ "ఇనవడుతుందే, చెప్పు" అనేది. బస్సులో ఆమె పక్కన కూర్చుంటే నా సంసారం సంగతులు డ్రైవరుకు కూడా తెలిసిపోయేవి. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది.

ఆమెకు ఇంకో విద్య ఉండేది. సాంచాల చప్పుడులో పని చేసేవాళ్లు మాట వినరు, పెదవులు చూస్తారు. రోడ్డుకు అవతలి పక్క ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటుంటే ఇవతలి నుంచి ఈమె అంతా నాకు అప్పజెప్పేది. "కోడలును తిడుతుందే. ఉప్పు డబ్బ మూత వెట్టలేదట." అబ్బో, ఆమె ముందు ఎవరైనా నోరు మూసుకుని ఉండడమే మంచిది.

మా ఆయన దుబాయిలో పరంజాలు కట్టే పని చేసేవాడు. ఎత్తయిన బిల్డింగులకు చుట్టూ పైపులు నిలబెట్టి, తాళ్లు బిగించి, మీద పలకలు పరిచే పని. ఒకరోజు ఆయన కట్టిన పరంజా మీది నుంచి నిజామాబాద్ దిక్కు పిల్లగాడొకడు పడిపోయాడు. పలక పగిలింది, ముడి విడలేదు, నీ తప్పు లేదు అని అక్కడివాళ్లు తేల్చి చెప్పారు. ఈయన చెవికి అది ఎక్కలేదు. కోరుట్లకు తిరిగొచ్చి, బ్యాగు గోడకు ఆనించి, వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ బ్యాగు అక్కడే, ఈయన అక్కడే. నాలుగు నెలలు.

పళ్లెం దగ్గర పెడితే నాలుగు ముద్దలు తినేవాడు. మాట లేదు. నేనే పోయి సంగతి చెబితే జగిత్యాల డాక్టరు గోలీలు రాశాడు. వాటితో ఇంకా ఎక్కువ పడుకున్నాడు. నేను మొదట్లో ఏడ్చాను, తరవాత బతిమాలాను, తరవాత నోటికి వచ్చినట్టు తిట్టాను. అందుకు ఇప్పటికీ నాకు బాధే. కూతురు అప్పుడు గురుకులం హాస్టల్లో ఉండి చదువుకునేది కాబట్టి ఇదంతా చూడలేదు, అదొక్కటే నయం. రోజూ బడి నుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచేటప్పుడు నా చెయ్యి గోడను పట్టుకునేది. ఈ మనిషి ఒకనాడు నేను వచ్చేసరికి ఉండడు అని భయం. ఆ భయం ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని.

అట్లాంటి ఒక శనివారం మధ్యాహ్నం వదినె సిరిసిల్ల నుంచి దిగింది. నెత్తిన పెద్ద మూట. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడి కేకేసింది.

"గీ ఇంటికి కీడు సోకింది! ఇల్లు ఇడువాలె!"

మా దిక్కు ఊళ్లల్లో ఆ ఆచారం ఉంది. ఊళ్లో వరసగా చావులు అయితేనో, పశువులు పోతేనో, కీడు సోకిందని పెద్దలు చెబుతారు. ఒకరోజు ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయటికి పోయి వండుకు తింటారు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు. పసిబిడ్డ నుంచి మంచాన పడ్డ ముసలివాళ్ల దాకా ఒక్కరు కూడా మిగలకూడదు. ఒక్కరు మిగిలినా కీడు వాళ్లతోనే మిగిలిపోతుందని నమ్మకం.

"ఊరు పోతది గని, ఒక్క ఇల్లు పోవుడేందే?" అంది మా అత్తమ్మ.

"ఊరంటే ఏందవ్వా? ఇండ్లే గద. మొదాలు మన ఇల్లు పోనియ్యి."

"మాపటికి వాపస్ రావాలె గద మరి? గీ సద్దులు, గీ బొంతలు ఎందుకు?"

"మనది పెద్ద కీడవ్వా. రెండొద్దులు పడ్తది."

అత్తమ్మ నమ్మింది. నమ్మిందంటే మామూలుగా కాదు. డెబ్బై ఏళ్ల మనిషి గబగబా గడప దాటి ఎండలో రోడ్డు మీద కూర్చుంది. "కీడున్న ఇంట్ల ఇగ అడుగువెట్ట" అని మొండికేసింది. వదినె వెనక గదిలోకి పోయింది. "తమ్మీ, నువ్వీడ పండుకుంటె కీడు నీ మంచం కిందనే పండుకుంటది. మేం పోయి ఫాయిదా లేదు. ముసలిది ఎండల కూసుంది, చూస్తవా లేస్తవా నీ ఇష్టం." ఆయనకు కీడు మీద నమ్మకం లేదు, దేని మీదా లేదు. కానీ తల్లి ఎండలో కూర్చుంది. అరగంటకు లేచి, చొక్కా వేసుకుని, ఎవరి మొహం చూడకుండా వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. నాలుగు నెలల్లో ఆయన గడప దాటడం అదే మొదటిసారి.

కథలాపూర్ మీదుగా రుద్రంగి బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. "మనల టికెట్ కొన్నోడు గీడొక్కడే, కిటికీ పొంటి గీన్నే కూసోనియ్యుండ్రి" అని వదినె బస్సు దద్దరిల్లేలా అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కిటికీ పక్కన మాత్రం కూర్చున్నాడు.

రుద్రంగి దాటాక గుట్ట కింద వాగు ఉంది. మోదుగు చెట్లు, మెత్తటి ఇసుక. వాగులో చెలిమె తవ్వితే చల్లటి నీళ్లు ఊరతాయి. కట్టెలు ఏరుకోవచ్చు. ఇంట్లో ఉన్న బియ్యం, చింతపండు, ఉల్లిగడ్డలు మోసుకుపోయాం. పచ్చిపులుసు, అన్నం, ఎల్లిపాయ కారం. కొత్తగా కొన్నది ఒక అగ్గిపెట్టె. ఆ సైన్సు టీచరు చూపించిన రేటుతో వదినె ఒక ఎండకాలం మొత్తం నలుగురిని బయట తిప్పేది.

గుడారం ఆమె స్వయంగా కుట్టినది. సిరిసిల్లలో ఎలక్షన్లప్పుడు జెండాల గుడ్డ నేస్తారు కదా, మిగిలిన ముక్కలు షెడ్డులో పడి ఉంటే అడిగి తెచ్చి జోడించింది. ఒక పక్క ఒక పార్టీ రంగు, ఇంకో పక్క ఇంకొకరిది, నడినెత్తిన మూడో పార్టీ. దూరం నుంచి చూస్తే మీటింగు జరుగుతున్నట్టు ఉండేది. ఒకసారి ధర్మపురి పోయి గోదావరి ఒడ్డున వేస్తే, స్నానానికి వచ్చిన పెద్దమనిషి ఆగి "ఏ పార్టోల్లమ్మా మీరు?" అని అడిగాడు. "వంట పార్టీ! కూసో, బువ్వ తిని పో!" అంది వదినె. ఆయన నిజంగానే కూర్చుని తిన్నాడు.

చెప్పొద్దూ, ఆ ప్రయాణాలంటే నాకు ఒళ్లు మండేది. ఆరు రోజులు బడిలో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయి, శనివారం ఒంటిపూట బడి వదిలాక ఇంత పడుకుందామంటే గిన్నెలు మోయాలి, ఇసుకలో వండాలి, దోమలతో కొట్లాడాలి. అన్నిటికంటే విసుగు ఆ గుడారం. వదినె కట్టిన గుడారం ఏనాడూ గంట నిలబడలేదు. కర్ర పాతి, తాడు చుట్టి, ముడేసి, చేతులు దులుపుకుని "అయింది" అనేది. కొంచెం గాలి రాగానే అది మెల్లగా ఒక పక్కకు ఒరిగి మా నెత్తి మీద పడేది. మొదటి శనివారం పడింది. రెండో శనివారం అత్తమ్మ పచ్చిపులుసు గిన్నెలో పడింది. "వదినె, నీకు రాకపోతే చెప్పు, నేను కడుత" అంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు సదువుకున్నదానివి, గీ పని నీకేం దెలుస్తది?" అని నన్నే గద్దించేది.

అవును, శనివారం శనివారం అంటున్నాను. ఆ కీడు ఒక్కసారితో పోలేదు. రెండో వారం మళ్లీ వచ్చి గుడ్లగూబ కూసిందంది. మూడో వారం కలలో ఏదో చూసిందంది. అత్తమ్మ ప్రతిసారీ గడప దాటి ఎండలో కూర్చుంది. ఆయన ప్రతిసారీ లేవక తప్పలేదు. అక్కడికి వచ్చి కూడా ఒక చెట్టుకు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చునేవాడు, గోడ బదులు వాగు. నాకైతే ఏం లాభమో అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని అందరం ఇసుక మీద నడుం వాల్చాం. మోదుగాకులు గలగలలాడుతున్నాయి. ఆ చప్పుడుకు వదినె గురక పెట్టి నిద్రపోయింది. కాసేపటికి గాలి పూర్తిగా పడిపోయింది, అంతా నిశ్శబ్దం. వెంటనే ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుని "కరెంటు వోయిందే!" అని అరిచింది. సాంచాల వాళ్లకు చప్పుడులో నిద్ర పడుతుంది, చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. చుట్టూ గుట్ట, వాగు, చెట్లు చూసుకుని, తనే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గును నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఐదో శనివారం సంగతి చెబుతాను. ఇంకా పొద్దు గుంకలేదు. గుట్ట మీది నుంచి గాలి విసురుగా వస్తోంది. వదినె ఎప్పటిలాగే తాడు చుట్టి వదులుగా ఒక ముడేసింది. నేను పొయ్యి దగ్గర పొగకు కళ్లు నలుపుకుంటున్నాను. ఆమె ఉన్నట్టుండి నా భుజం గిచ్చింది.

"చూడే. మనోడు తిడుతున్నడు."

నేను చూశాను. ఆయన చెట్టు కింద కూర్చున్నాడు. నోటి నుంచి చప్పుడు లేదు. పెదవులు మాత్రం కొంచెం కదులుతున్నాయి.

"ఏమంటుండు?"

"గట్ల గడుతరా తాడు, గింత తెల్వదా అంటుండు. నన్నేనే, నన్నే!" ఆమె మొహం పెళ్లి పిలుపు అందినట్టు వెలిగిపోయింది. పోయి ఆ ముడిని ఇంకొంచెం వదులు చేసి వచ్చింది. నా కళ్లారా చూశాను.

గాలి మళ్లీ వచ్చింది. గుడారం ఒరుగుతోంది. అది పడేలోపల ఆయన లేచాడు. నాలుగంగల్లో వచ్చి తాడు పట్టుకున్నాడు. "గట్ల గాదక్కా. రెండు సుట్లెయ్యాలె," అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. ముడి బిగించాడు. బిగించి ఆ ముడిని చూస్తూ నిలబడ్డాడు. తాడు వదిలేసి ఇసుకలో కూర్చుని మొహం దాచుకున్నాడు.

"నేను గట్టిందేనక్కా. వాడు పడ్డది నేను గట్టిన దాని మీదికెల్లే."

నేను లేవబోయాను. వదినె చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన పక్కన కూర్చుంది. అప్పుడు ఆమె మాట్లాడిన గొంతు నేను అంతకుముందు వినలేదు, తరవాత కూడా వినలేదు. పక్కనున్న నాకు కూడా చెవి పెడితే తప్ప వినిపించనంత మెల్లగా.

"మీ బావ తాటి చెట్టు మీదికెల్లి పడ్డనాడు మోకు తెగింది, యాదుందా? గది పాతవడ్డదని నాకెరుకే. ఇయ్యాల గాదు రేపు మార్సుకుందువు తియ్యి అన్న. నేనే భుజానేసి తోలిచ్చిన."

మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు. ఆమె భర్త అట్లా పోయాడని నాకు తెలుసు. ఈ మాట మాత్రం తెలియదు. అత్తమ్మకు కూడా తెలియదు, నా పక్కకు జరిగి నోరు తెరుచుకుని వింటోంది.

"ఎవ్వలికి చెప్పలె గిన్నేండ్లు. చెప్పి ఏం జెయ్యాలె? తెల్లారి లేచిన, పిలగాండ్లకు బువ్వ వండిన. మల్ల తెల్లారి లేచిన. లేసుడొక్కటే నాకు శాతనైంది తమ్మీ. నువ్వు పండుకుంటె గా పిలగాడు లేచొస్తడా? రాడు. నువ్వన్న లే."

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, పొగ అని చెప్పుకునే ఓపిక కూడా లేదు. ఆ రోజు గుడారం పడలేదు. తెల్లవారి చూస్తే అట్లాగే బిర్రుగా నిలబడి ఉంది.

కొన్నాళ్లకు నేను సిరిసిల్ల పోయినప్పుడు షెడ్డులో వదినెను చూశాను. ఒక చేత్తో కండె పట్టుకుని, ఎవరితోనో సైగలు చేస్తూ, చూడకుండానే తెగిన పోగును ముడేస్తోంది. ముడి పడిందో లేదో నా కంటికి అందలేదు, పోగు మళ్లీ ఉరుకుతోంది. వెంట్రుక లాంటి దారానికి రోజూ వందల ముడులు వేసే చేతులు అవి. వేలంత లావు తాడుకు ముడేయడం రాదట! నేను ఎంత మొద్దునో నాకే తెలిసొచ్చింది. బయటికి వచ్చాక అడిగాను.

"కావాలని కూలగొట్టినవ్ గదా వదినె?"

"ఏయ్, నాకు రాదే! గది నూలు, గిది తాడు!" అని బజారంతా వినిపించేలా అరిచి, నవ్వి, ఛాయ్ తాగుదాం పదమంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఒప్పుకోకుండానే పోయింది.

ఒక్క సాయంత్రంతో మనిషి బాగయ్యాడని చెబితే అబద్ధమవుతుంది. ఆయన ఇప్పుడు కోరుట్లలో వెల్డింగు షాపులో పని చేస్తున్నాడు. నిచ్చెన ఎక్కడు. అప్పట్లో కొన్ని పొద్దులు గోడ వైపు తిరిగి ఉండిపోయేవాడు. అందుకే వదినె రోజూ పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసేది. హలో లేదు, బాగున్నావా లేదు. "లేసిండా?" అంతే. స్పీకర్ పెట్టకపోయినా ఆ గొంతు గదంతా నిండేది. ఆ కేకకు ఆయన లేచి కూర్చునేవాడు. ఇంకో రెండు చలికాలాలు ఆమె కీడు కనిపెడుతూనే ఉంది, మేం గుడారం మోస్తూనే ఉన్నాం. అప్పటికి ఎవరూ చెప్పకుండానే దాన్ని ఆయనే కట్టేవాడు. నేను గిన్నెలు తోముతూ సణిగేదాన్ని. ఆమె దగ్గు మాత్రం పెరిగింది. నూలు దుమ్ము లోపల పేరుకుందని డాక్టర్లు చెప్పేసరికి ఆలస్యమైంది. అందరినీ బయటి గాలికి లాక్కుపోయిన మనిషిని నువ్వెట్లున్నావని మేం ఎవరమూ సరిగా అడగలేదు. ఈ మాట నన్ను ఇప్పటికీ తింటుంది. పోయిన వానాకాలంలో పోయింది.

మూడోనాడు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలిందంటారు. సన్నగా ముసురు పడుతోంది. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగడం లేదు. వదినె పెద్దకొడుకు ముందుకు వచ్చి "తమ్మునితోని కొట్లాడనే అవ్వా" అన్నాడు. చిన్నవాడు తాగుడు మానేస్తానన్నాడు. అత్తమ్మ ఏడ్చి ఏడ్చి "నాకన్న ముందుగాల పోయినవ్ గదనే బిడ్డా, ఇంకేం గావాలె నీకు?" అంది. ఏ కాకీ కదల్లేదు. చుట్టాలు గొడుగుల కింద విసుగ్గా నిలబడ్డారు.

మా ఆయన అందరికంటే వెనక ఉన్నాడు. మూడు రోజులుగా మాట లేదు. ఆ పొద్దున కూడా నేనే రెక్క పట్టి లేపాను. అట్లాంటివాడు జనాన్ని తప్పించుకుంటూ వచ్చి విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. షెడ్డులో మాట్లాడేవాళ్లలాగా, ఒడ్డున ఉన్నవాళ్లందరూ తిరిగి చూసేలా గట్టిగా అన్నాడు.

"అక్కా, నేను లేస్త. ఎవ్వలు లేపకున్న లేస్త."

కాకి ముట్టిందని అందరూ అన్నారు. నేను చూడలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

ఇంటికి వచ్చిన మరునాడు అయిదింటికే నాకు మెలకువ వచ్చింది. ఆరు దాటింది. ఫోన్ మోగలేదు. లేపాలని చెయ్యి పోయింది, ఆపుకున్నాను. ఈయన మాట ఎంత దూరం వస్తుందో చూద్దామని కళ్లు మూసుకుని పడుకున్నాను. ఎంతసేపయిందో. మంచం కిర్రుమంది. తలుపు గడియ తీసిన చప్పుడైంది. బయట బకెట్లో నీళ్లు పడుతున్నాయి. నేను కళ్లు తెరవలేదు. దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను, ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయాను. ఎన్నేళ్ల నిద్ర బాకీ ఉందో ఏమో, ఆ రోజు బడికి రెండు గంటలు ఆలస్యంగా పోయాను.